జలకపుగదికి వన్నె లెన్నుకొనుట



ఇల్లు కట్టుకొనువారు వంటయింటిని గూర్చి పదిమాఱు లాలోచింతురు. దేవునిగదిని గూర్చి పెద్దల నడుగుదురు. నడవకు, పడకగదికి నే రంగు వేయవలెనో యింటిల్లిపాదియు గూర్చుండి తర్కింతురు. జలకపుగది వంతు వచ్చునప్పటికి చేతిలోని సొమ్మును, మనసులోని యోపికయు రెండును దఱిగిపోవును. అప్పుడు దుకాణమున నేది మెఱయుచున్నదో, ఏది తగ్గింపు ధరకు దొరకునో, అదియే గోడ కెక్కును. చీర నచ్చనిచో పెట్టెలో దాచవచ్చును. గోడ కతికించిన పలకలను దాచుటకు వీలులేదు. అవి యిరువదేండ్లు మన కన్నులయెదుట నుండును. కావున నీ మాసము స్నానాలగదికి రంగు లెన్నుకొను విధమును ముచ్చటింప దలచితిమి.

మన పెద్దల కాలమున నీ ప్రశ్న పుట్టలేదు. పెరటిలో నొకమూల రాతిబండ, ప్రక్కన రాగి అండా, మూడువైపుల చుట్టుగోడయో తడికయో, పైన నాకాశము. రంగులు తమంత దామే వచ్చినవి: రాతి బూడిదవన్నె, సున్నపు తెలుపు, పొయ్యివద్ద పొగనలుపు, తోమిన యండా యెఱుపు. వెలుతురునకు గొదువ లేదు. నేడు స్నానాలగది యింటిలోనికి వచ్చి పడకగది ప్రక్కన నొదిగినది. అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, పైన నొక చిన్న గవాక్షము — ఇంతే దాని ప్రపంచము. ఆకాశమును గోల్పోయిన యా గదికి, వచ్చిన కొలది వెలుతురును పంచిపెట్టవలసినవి గోడలే.

దుకాణమున మన మడుగు మొదటి ప్రశ్న, "ఏది యందముగా నున్నది?" అని. మా యభిప్రాయమున నది రెండవ ప్రశ్న. "ఈ గదిని వాడువారిలో నెవరి చూపు మందము?" అనునది మొదటి ప్రశ్న. తక్కిన గదులకు వృద్ధులను జేయిపట్టి నడిపించుకొని పోవచ్చును. ఈ యొక్క గదిలోనికి వారొంటరిగా, వట్టికాళ్ళతో, తడినేలపైకి, తలుపు మూసికొని పోవుదురు. అచ్చట వారికి దారి చూపునది రంగు లొక్కటే.

వర్ణ మను మాటకు రంగని యొక యర్థము, అక్షరమని మఱియొక యర్థము గలదు. గోడమీది వన్నెయు గన్ను చదువవలసిన యక్షరమే. మా యింటివారు బడిలో నల్లబల్లమీద తెల్లసుద్దతో వ్రాయుదురు. తెల్లబల్లమీద తెల్లసుద్దతో వ్రాసిన నే బాలుడు చదువగలడు? నేల, గోడ, పీట, మెట్టు అన్నియు నొకే వన్నెగా నమర్చిన గది యట్టి వ్రాతయే.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము — ఈ మూడూళ్ళయందును మాకు బంధువులును, పరిచితులును గలరు. ఆ మూడు చోట్ల చూచిన మూడు స్నానాలగదులు మాకు మూడు పాఠములు నేర్పినవి. వానిని వరుసగా మనవి చేయుదుము.

పుంగనూరి పాఠము: భేదము

పుంగనూరిలో మాకు దూరపు బంధువులు క్రొత్తయిల్లు కట్టిరి. ఇంటికోడలు చదువుకొన్నది, నేర్పరి. స్నానాలగదిలో గోడలు, నేల, నీళ్ళతొట్టి, పీట, కమోడు అన్నియు బాలవంటి తెలుపుగా నమర్చినది. చూచినవారెల్ల మెచ్చుకొనిరి. డెబ్బదియేండ్లు దాటిన యత్తగారు మాత్రము మెచ్చనులేదు, నిందింపనులేదు. నాలుగు మాసములలో నామె చిక్కిపోయినది. సాయంకాలమైన పిదప మంచినీళ్ళు ముట్టుట మానివేసినది. కారణ మెవ్వరికిని దోపలేదు. మేము వెళ్ళినప్పు డరుగుమీద గూర్చుండి మాతో మెల్లగా నిట్లన్నది:

"తెల్లంగా వుండేదంతా నాకు ఒకటే మాదిరి అగపడతాదమ్మా. యాడ నేల ముగిసి యాడ గోడ లేస్తాదో తెలీదు. పీట వుందనుకోని కూచోబోతే అది పక్కన వుంటాది. రాత్రిపూట ఆ గదిలోకి పోవాలంటే భయం. అందుకే నీళ్ళు తాగేది తగ్గించుకున్నా. కోడలు ఆశపడి కట్టించుకునింది, దానికెందుకు చెప్పేది?"

ఈ మాటలు విని మేము చాలసేపు బదులు చెప్పలేకపోతిమి. ఒక గదికి వెఱచి దాహమును జంపుకొనుచున్న పెద్దామె! కోడలి మనసు నొవ్వకుండుటకై యా వెఱపును గూడ మ్రింగుకొనుచున్నది. ఇందు గోడలి తప్పేమియు లేదు; ఆమె కన్నులకు నాగది చక్కగా గనబడుచున్నది. అత్తగారి కన్ను వేఱు.

వయసు మీఱిన కొలది కంటిలోని కటకము పసుపువాఱి మసకబాఱును. లోనికి జొచ్చు వెలుతురు తగ్గును. నీలమును, ఆకుపచ్చను వేఱుపఱచుట కష్టమగును. లేతరంగుల నడుమనున్న భేద మణగిపోవును. శుక్లములు వచ్చినవారికి నీ బాధ మఱింత హెచ్చు. ఫ్రాన్సు దేశపు చిత్రకారుడు క్లోడ్ మోనే కన్నులకు శుక్లములు ముదిరినపు డాయన చిత్రములయందు ఎఱుపును, గోధుమవన్నెయు బెచ్చుపెరిగినవి. 1923వ సంవత్సరమున శస్త్రచికిత్స చేయించుకొన్న పిదప నీలము లాయన కంటికి దిరిగి వచ్చినవి. రంగులే జీవనముగా గల మహాచిత్రకారునకే యట్లుండగా మన యత్తమామల మాట జెప్పనేల?

అయినచో నీ తెలుపు స్నానాలగదికి నెట్లు వచ్చినది? వ్యాధులకు సూక్ష్మక్రిములు మూలమని 19వ శతాబ్దమున దెలిసినది. 1882లో కోఖ్ పండితుడు క్షయక్రిమిని గనుగొనెను. క్షయకు మందులు లేని యా దినములలో గాలి, వెలుతురు, శుభ్రత — ఇవియే చికిత్స. మన మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరమున 20వ శతాబ్దారంభమున వెలసిన క్షయ చికిత్సాలయ మట్టి కాలమునాటిదే. మైల దాగకుండ గనబడునను నమ్మకముతో తెలుపు వైద్యశాలల రంగైనది; అక్కడనుండి యిండ్లలోని స్నానాలగదులకు నెక్కినది. కాని వైద్యులే దానిని మొదట సడలించిరి. 1914లో శాన్ ఫ్రాన్సిస్కో నగరపు శస్త్రవైద్యుడు హ్యారీ షెర్మన్, తెల్లగోడల తళతళకు గన్నులు చెదరుచున్నవని, తన శస్త్రచికిత్సాగృహమునకు పాలకూర యాకువంటి పచ్చరంగు వేయించెను. 1927లో అమెరికా దేశపు కోలర్ కంపెనీవారు తొట్టికి, కమోడుకు, చేతులు కడుగు పళ్ళెమునకు నొకే వన్నె గల రంగుల జతలను విపణికి దెచ్చిరి. కనుక తెలుపొక కాలపు టాచారమే కాని శాస్త్రము విధించిన నియమము గాదు.

పుంగనూరిలో పలకలు పీకివేయ నక్కఱ లేకపోయినది. అత్తగారి మాట కోడలి చెవిని మెల్లగా వేసితిమి. ఆమె కన్నుల నీరు పెట్టుకొన్నది. మఱునాడే పని మొదలైనది. తెల్లపీటకు బదులు ముదురునీలపు పీట వచ్చినది. కమోడు మూతయు, కూర్చుండు చట్రమును నీలమువి యమర్చిరి. గోడను బట్టుకొనుటకై యుక్కుకడ్డీ బిగించి, తెల్లగోడమీద నుక్కు గానరాదు గనుక దాని వెనుక నొక నీలిపట్టీ యతికించిరి. తలుపువద్ద నున్న దిగుడు అంచున నరచేయి వెడల్పున ముదురురంగు పట్టీ గీయించిరి. తెల్లచెంబు పోయి యెఱ్ఱచెంబు వచ్చినది. వీనికైన వ్యయము మంచి పట్టుచీర వెలలో నాల్గవ పాలైన గాలేదు. ఇప్పు డత్తగారు రాత్రి భోజనమైన పిదప గ్లాసెడు మజ్జిగ త్రాగుచున్నారని కోడలు మాకు వ్రాసినది. శుక్లములకు శస్త్రచికిత్స యుండనే యున్నది, దానిని రంగులకై వాయిదా వేయరాదు. ఆ కోడలు దానికిని దినము నిశ్చయించినది.

ఎంత భేదమున్న జాలును? రంగు తనపై బడిన వెలుతురులో నెంత పాలు తిరుగగొట్టునో దానిని నూటి కింతయని కొలుతురు. మంచి తెలుపు 80 పాళ్ళకు మించి తిరుగగొట్టును. నలుపు 5 పాళ్ళు. ఇంగ్లండు దేశపు భవననిర్మాణ ప్రమాణములలో, మందదృష్టి గలవారికొఱకు గోడకును నేలకును, తలుపునకును గోడకును, నీ కొలతలో 30 పాళ్ళ భేద ముండవలెనని చెప్పుదురు. మన చేతిలో గొలత పరికర మక్కఱలేదు. రెండు పలకలను ప్రక్కప్రక్కన బెట్టి సెల్‌ఫోనుతో నలుపుతెలుపు ఛాయాచిత్రము తీయుడు. రెండును నొకే బూడిదగా గనబడిన నవి యెంత వేఱు రంగులైనను వృద్ధుల కంటి కొకటే. ఎఱుపు, ఆకుపచ్చ పలకలు పెక్కుమాఱు లిట్లు బయటపడును.

రాత్రి మాట వేఱు. మసక వెలుతురులో నెఱుపు నలుపుగా దోచును, నీలము తేటపడును. 19వ శతాబ్దారంభమున బొహీమియా దేశపు పుర్కిన్యే పండితుడు దీనిని గమనించెను. నేటికి నాయన పేరుతోనే పిలుతురు. కావున తెల్లనేలమీద నెఱ్ఱపట్టీ రాత్రియు గనబడును గాని, నల్లనేలమీద నెఱ్ఱపట్టీ చీకటిపడగానే మాయమగును. ముదురునేల గలవారు పసుపుపట్టీయో తెలుపుపట్టీయో పెట్టుకొనవలెను. మన యిండ్లలో గడపకు బసుపు పూసి కుంకుమబొట్లు పెట్టుట మంగళార్థమే. అయినను దాని ఫలములలో నొకటి, గడప యెచ్చట నున్నదో మసకలోను ముసలికంటికి దెలియుట. స్నానాలగది గడపకు నా భాగ్య మేల లేకపోవలెను?

మదనపల్లె పాఠము: పొందిక

భేదము కావలెనని చెప్పినంతనే యొక సోదరి గోడ నీలము, నేల యెఱుపు, తలుపు పచ్చ చేసికొని, తిరునాళ్ళ బొమ్మల దుకాణమువలె నున్నదని మఱల మమ్ము నిందింపవచ్చును. కావున పొందికను గూడ జెప్పవలెను. దానిని మేము మదనపల్లెలోని నీరుగట్టువారిపల్లెలో నేర్చితిమి. అది పట్టుచీరల నేతగాండ్ర పేట. అచ్చటి నేతయింటి యిల్లా లొకతె తన స్నానాలగదికి తానే రంగు లెన్నుకొన్నది. ఎట్లెన్నుకొంటివని యడిగితిమి.

"ఏముందక్కా, చీర మాదిరే. ఒళ్ళు ఒక రంగు, అంచు ఒక రంగు, కొంగున రవ్వంత మెరుపు. మూడు దాటితే కంటికి గొడవే కదా?" అన్నది.

పాశ్చాత్యులైన గృహాలంకారికులును నిట్లే చెప్పుదురు: నూటికి 60 పాళ్ళొక వన్నె, 30 పాళ్ళు రెండవది, 10 పాళ్ళు మూడవది. స్నానాలగదికి గోడలే ఒడలు, నేల యంచు, పీట, చెంబు, తువాలు, కడ్డీపట్టీ కొంగు. మెఱుపు కొంగునందే యుండవలెను. ఏలన కొంగును మార్చుట సులభము. మనసు మాఱినప్పుడు తువాలు మార్తుము, గోడను మార్చము.

ఒక రంగు ప్రక్కన మఱియొక రంగు నుంచిన నవి యొండొంటిని మార్చును. దీని చరిత్రయు నేతకు సంబంధించినదే. ఫ్రాన్సు దేశపు గోబ్లా నేతశాలయందు 1824 నుండి షెవ్రెల్ అను రసాయన పండితుడు అద్దకమున కధికారిగా నుండెను. అచ్చటి నల్లనూలు వెలసినట్లున్నదని ఫిర్యాదులు వచ్చినవి. పరీక్షింపగా నద్దకమున లోపము లేదు. ఆ నలుపును నీలపు, ఊదా రంగుల ప్రక్కన నేయుటచే కంటి కట్లు తోచినదని తేల్చి, 1839లో నాయన పెద్ద గ్రంథమును బ్రకటించెను. మన నేతయిల్లాండ్రు దీనిని మగ్గము వద్దనే యెఱుగుదురు. దుకాణమున నొంటిగా జూచిన లేతగులాబి పలక, మీ యింటి యాకుపచ్చనేల ప్రక్కన ముదురుగులాబిగా మాఱవచ్చును. కనుక రెంటిని గలిపి చూడక కొనరాదు.

వెలుతురును గూడ జూడవలెను. దుకాణములలో నెక్కువగా 6500 కెల్విను మానము గల నీలపుతెలుపు దీపము లుండును. మీ గదిలో 2700 మొదలు 3000 వఱకు మానము గల పసుపుదీప మున్నచో, అచ్చట బూడిదగా గనబడిన పలక యిచ్చట మట్టిరంగుగా మాఱును. దుకాణదారు నడిగి యొక పలకను రెండు దినము లింటికి దెచ్చుకొనుడు. ఉదయము, మధ్యాహ్నము, దీపము వెలిగించిన పిదప మూడుమాఱులు చూడుడు. తడిపియు జూడుడు, గరుకుపలక తడిసిన నొక మెట్టు ముదురును. ఉత్తరపు గవాక్షము గల గదిలో వెలుతురు చల్లగా, నీలముగా నుండును. అచ్చటికి మజ్జిగవన్నె, చందనవన్నె వంటి వెచ్చని రంగులు నప్పును. పడమటి యెండ తగులు గదికి లేతయాకుపచ్చ, బూడిదతెలుపు హాయి నిచ్చును. ఏ గదికైనను పైకప్పు తెలుపే మేలు.

అద్దము చేరువ ముదురు పచ్చగోడ పెట్టకుడు. గోడ రంగు ముఖమునకు బ్రతిఫలించి, బొట్టు పెట్టుకొనబోవు పడుచు తనకు జబ్బు చేసినదా యని సందేహపడును.

కుప్పము పాఠము: నీరు, మైల

కుప్పము ఆంధ్ర, కర్ణాటక, తమిళ దేశములు మూడును గలియు చోట నున్నది. అచ్చటి భూమి రాతిభూమి. "కుప్పం గ్రీన్" అను పేర నచ్చటి పచ్చఛాయ గల గ్రానైటు రాయి విపణికి బోవును. మా పరిచితు లొకరు పలకలు మాని, యీ రాతినే గరుకుగా చెక్కించి స్నానాలగది నేలకు పఱపించిరి. అంచుల వద్ద మిగిలిన తుండ్లతో సబ్బు పెట్టుకొను బల్లయు నమరినది. ఇల్లాలు మాకు జూపిన విశేషము రాయి కాదు; ఆ రాతిమీద మైల కనబడు తీరు.

మన సీమలో బోరుబావుల నీరు పెక్కుచోట్ల చవుటినీరు. అది యాఱినచోట తెల్లని పొర కట్టును, అది సున్నపుపొర. నల్లని, ముదురునీలపు మెఱుగుపలకలపై నాఱు వారములలో నీ పొర విభూతి పూసినట్లు పైకి దేలును. తెల్లపలకపై నిది దాగును గాని, ఇనుము గలసిన నీటి తుప్పుకఱ, ఎఱ్ఱమట్టికాళ్ళ జాడ దాగవు. బూడిద, ఇసుకవన్నె, రాతివన్నె వంటి నడిమిరంగులు రెంటిని నోర్చుకొనును. అందుచే మేము నేలకు నడిమిరంగునే మేలని యెంచుదుము.

పసుపు కథ వేఱు. పసుపు పూసుకొని స్నానము చేయు నిండ్లలో పలకల నడుమనున్న తెల్ల సిమెంటు గీతలు పచ్చబడును. పైన సబ్బు తగులగానే యవి యెఱుపెక్కును; పసుపులో సున్నము కలిపిన పారాణి యగునట్లే, సబ్బులోని క్షారగుణము పసుపును మార్చును. ఇందుకు వెఱచి పసుపు మాన నక్కఱలేదు. గీతలను తెలుపున గాక బూడిదవన్నెతో నింపించుడు. స్నానము చేయు మూలను మాత్రము మైల పీల్చని ఎపాక్సి పూతతో నింపించుడు. ఎండకు బసుపు వెలయును గనుక గవాక్షపు టెండ తగులు గోడ తనంత దానే బాగుపడును.

సున్నపుపొరను బోగొట్టుటకు కొందఱు గాఢమైన యాసిడు పోయుదురు. అది పలకల నడిమి సిమెంటును దినివేయును. కడపరాయి సున్నపురాతి జాతి, చలువరాయియు నంతే. ఆ రెంటి మెఱుగు యాసిడుతో జచ్చును, రంగు పాలిపోవును. చింతపండు పులుసైనను నిమ్మరసమైనను కడపరాతిపై నిలువ నీయరాదు. గ్రానైటునకును, కాల్చిన పలకలకును పలుచని నిమ్మరసమో వెనిగరో రాచి, పది నిమిషములైన పిదప కడిగిన జాలును. ఆసిడును, బ్లీచింగుపొడిని ఒక్కమాఱు కలుపరాదు. కలిపిన విషవాయువు పుట్టును. మూసిన గదిలో ప్రాణాపాయము.

ఇంకొక మాట. మన వైపు తూములలోనుండి జెఱ్ఱులు, తేళ్ళు వచ్చుట మీ రెఱుగనిది కాదు. నల్లనేలపై నల్లతేలు గానరాదు. చుక్కలు, చారలు, గులకరాళ్ళ బొమ్మలు గల నేలపై నే తేలును గానరాదు. నేల నడిమిరంగున, బొమ్మలు లేక, గరుకుగా నుండవలెననుటకు నిదియు నొక కారణము. బొమ్మల నేలను జూచి ముసలివారు కొందఱు గుంటయో మెట్టో యని తడబడుదురు గూడ.

లెక్కయు, జతలును

రంగు కుదిరిన పిదప లెక్క చూడుడు. 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు గల గదికి చుట్టుకొలత 24 అడుగులు. 7 అడుగుల యెత్తు వఱకు పలక లనిన 168 చదరపుటడుగులు. రెండున్నర యడుగుల తలుపు మేర పదునేడున్నర తీసివేయగా 150 కొంచెము పైన. అడుగు వెడల్పు, రెండడుగుల పొడవు గల పలకలు 76 కావలెను; విఱుగుటకును, కోతకును పదియవ పాలు కలిపిన 84. నేలకు 35 చదరపుటడుగులు. అడుగుపలకలు 39 తెచ్చుకొనుడు. అన్నియు నొకే కాల్పునకు జెందినవిగా నుండవలెను. పెట్టెలమీద ఛాయ సంఖ్యయు, తయారీ సంఖ్యయు నుండును, వానిని సరిచూచుకొనుడు. వేఱు కాల్పు పలక యొక ఛాయ మాఱును. మిగిలిన నాలుగైదు పలకలను దాచుకొనుడు. పదేండ్లకు గొళాయి మార్చునప్పు డవి బంగారము.

మాకు నచ్చిన జతలు మూడు చెప్పెదము. ఇఱుకైన చీకటిగదికి: మజ్జిగవన్నె గోడలు, బూడిదనేల, ముదురునీలపు కొంగు. తూర్పు వెలుతురు గల గదికి: లేత యరటియాకు వన్నె గోడలు, కుప్పపు రాతిపచ్చ నేల, తెల్లని కమోడు, కాఫీగింజ వన్నె పీట. పడమటి గదికి: పుంగనూరు పొట్టియావుల యొడలి బూడిదతెలుపు గోడలకు, తడిసిన యిసుకవన్నె నేలకు, మన మదనపల్లె టొమాటో యెఱుపు చెంబునకు, పీటకు. మూడింటను గోడ లేత, నేల నడిమి, చేతికి దొరకవలసిన వస్తువు ముదురు. ఈ క్రమము దప్పనంతవఱకు రంగులు మీ యిష్టము.

అద్దెయింట నున్న సోదరీమణులు తమకీ వ్యాసముతో బనిలేదని పుట త్రిప్పకుడు. గోడ యజమానిది, కొంగు మీది. బకెట్టు, చెంబు, పీట, తువాలు, జాఱని రబ్బరుచాప, గడపయంచున నొక రంగుపట్టీ — వీని కెవ్వరి యనుమతియు నక్కఱలేదు. పుంగనూరిలో పెద్దామె వెఱపు తీఱినది వీనితోనే గదా.

తుదిమాట. నేటి సాయంకాలము సంధ్యవేళ, దీపము వెలిగింపకమునుపు, మీ స్నానాలగది తలుపువద్ద నిలిచి, కన్నులు సగము మూసి చూడుడు. నేల యెచ్చట ముగిసినది? పీట యెచ్చట? పట్టుకొను కడ్డీ యెచ్చట? గడప యెచ్చట? వీనిలో నేది గానరాదో దానికే మొదట రంగు వేయుడు. ఇంటిలో పెద్దవారున్నచో వారినిగూడ ప్రక్కన నిలుపుకొని యడుగుడు. వారు తమంత దాము చెప్పరు; అడిగిన జెప్పుదురు.